ఇంట్లో చిన్న మిల్లింగ్ మెషిన్: ఎంత బరువుది కొనాలి?

ఇంట్లో మిల్లింగ్ మెషిన్ (తిరిగే కట్టర్ కింద లోహపు ముక్కను కదుపుతూ చెక్కే యంత్రం) పెట్టుకుందామనుకునేవాళ్లు సాధారణంగా ‘ఏ కంపెనీది మంచిది?’ అని మొదలుపెడతారు. నేనైతే ముందు మీ ఇల్లు ఏ అంతస్తులో ఉంది, లిఫ్ట్ ఉందా, మెట్ల మలుపు ఎంత వెడల్పు అని అడుగుతాను. ఎందుకంటే ఈ రకం మెషిన్ల పనితనాన్ని ముందుగా తేల్చేది బరువు. పేరు, రంగు, మోటార్ వాట్లు ఆ తర్వాతి సంగతులు. మీ ఇంట్లోకి చేర్చగలిగిన వాటిలో బాగా బరువైనది కొనండి, మిగిలిన డబ్బుతో కట్టర్లు, ముక్కను బిగించి పట్టే వైస్ కొనుక్కోండి. నా సలహా అంతా ఇంతే. అయితే ఇందులో మినహాయింపులున్నాయి, మెలికలున్నాయి.

బరువుకు ఇంత విలువ ఎందుకంటే, ముక్కను తిప్పుతూ చెక్కే లేత్‌లో టూల్ ఒకసారి లోహంలో దిగాక తెగకుండా చెక్కుతూ పోతుంది. మిల్లింగ్‌లో అలా కాదు, కట్టర్ పళ్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి కొడతాయి. రెండు పళ్ల కట్టర్ నిమిషానికి 800 చుట్లు తిరిగితే 1,600 దెబ్బలు పడతాయి. ఆ దెబ్బలకు కట్టర్‌ని మోసే నిలువు స్తంభం (కాలమ్) వణికినా, ముక్కను మోసే టేబుల్ కొద్దిగా ఊగినా ముక్క మీద అలలు అలలుగా గీతలు పడతాయి, కీచుమని చప్పుడొస్తుంది, కట్టర్ అంచు లేచిపోతుంది. వర్క్‌షాపులో దీన్నే చాటర్ అంటారు. దీనికి విరుగుడు దిట్టమైన బీడు (కాస్ట్ ఐరన్) పోత, వెడల్పైన డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారపు) పట్టాలు, వాటి మధ్య వదులు తీసే బిగువైన గిబ్‌లు. 500 వాట్ల మోటార్ ఉన్నా కాలమ్ సన్నదైతే అందులో సగం శక్తిని కూడా వాడుకోలేరు. మోటార్ ఆగిపోయేలోపే మెషిన్ వణికిపోతుంది.

బజారులో దొరికేవాటిని బరువు ప్రకారం పేర్చి చూద్దాం. అన్నిటికన్నా చిన్నది ప్రాక్సన్ ఎంఎఫ్70, 7 కిలోలు. తర్వాత అమెరికాలో తయారయ్యే షెర్‌లైన్ 5400, సుమారు 16 కిలోలు. ఆ తర్వాత చైనా సీగ్ కంపెనీ ఎక్స్2, దాన్ని పోలినవి రకరకాల రంగుల్లో, రకరకాల పేర్లతో 50 నుంచి 60 కిలోల మధ్య. దానిపైన ఎస్‌ఎక్స్2.7, బీఎఫ్20 లాంటివి నూరు కిలోల దరిదాపు. ఎస్‌ఎక్స్3 సుమారు 165 కిలోలు. తైవాన్ రాంగ్‌ఫు నమూనాలో వచ్చే ఆర్‌ఎఫ్45 తరహావి 300 కిలోల దాకా. ఇక మన టూల్‌రూముల్లో కనిపించే ఎం1టీఆర్ లాంటి ‘నీ’ (మోకాలు) టైప్ మెషిన్లు, అంటే టేబుల్‌నే పైకీ కిందికీ జరిపే పెద్దవి, టన్ను లెక్క.

ఏం కోస్తారో ముందు తేల్చుకోండి

‘అన్నీ చేస్తాను’ అనేవాళ్లు కొన్న మెషిన్ ఏ పనికీ సరిగ్గా సరిపోదు. రాబోయే ఏడాదిలో చేయబోయే పనులు కాగితం మీద రాసుకోండి. ప్రతి పనికీ ఎదురుగా లోహం, ముక్క సైజు, ఎంత ఖచ్చితం కావాలి అన్నవి వేయండి. డ్రోన్‌కి అల్యూమినియం ప్లేట్లు కోసేవాళ్లకీ, ఆవిరి ఇంజిన్ నమూనాకి బీడు సిలిండర్ చదును చేసేవాళ్లకీ, పాత బుల్లెట్ బండికి స్టీల్ బ్రాకెట్ చేసుకునేవాళ్లకీ ఒకే మెషిన్ చెప్పలేం.

కట్టర్ వేగం లెక్క తెలిస్తే సగం ఎంపిక దానంతటదే అయిపోతుంది. హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) కట్టర్‌తో ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) కోయడానికి అంచు వేగం నిమిషానికి 25 మీటర్ల చుట్టుపక్కల ఉంటే బాగుంటుంది. అల్యూమినియానికి 75 మీటర్లయినా తట్టుకుంటుంది. ఆ మీటర్లను 320తో గుణించి కట్టర్ వ్యాసం మిల్లీమీటర్లతో భాగిస్తే చుట్లు వస్తాయి. 10 మి.మీ. కట్టర్‌తో ఎమ్మెస్ అయితే 800 చుట్లు. 3 మి.మీ. కట్టర్‌తో అల్యూమినియం అయితే 8,000 చుట్లు.

ఇప్పుడు ఎంఎఫ్70ని చూడండి. దాని వేగం 5,000తో మొదలై 20,000 దాకా పోతుంది. అతి తక్కువ వేగంలో పెట్టినా 3 మి.మీ. కట్టర్ అంచు నిమిషానికి 47 మీటర్లు పరుగెడుతుంది. ఇత్తడి, అల్యూమినియం, ప్లాస్టిక్, సర్క్యూట్ బోర్డులకు అది హాయి. స్టీల్ మీద హెచ్‌ఎస్‌ఎస్ కట్టర్ కాలిపోతుంది, ఇంకా వేగం తట్టుకునే కార్బైడ్ కట్టర్ వాడదామంటే ఆ సన్నటి కాలమ్ బిగువు చాలదు. ఎక్స్2 దీనికి తలకిందులు. దాని గరిష్ఠ వేగం 2,500. పెద్ద కట్టర్‌తో స్టీల్‌కి సరిగ్గా సరిపోతుంది, 3 మి.మీ. కట్టర్‌తో అల్యూమినియం నెమ్మదిగా కోస్తుంది. నెమ్మది తప్పు కాదు, చేతి చక్రం మెల్లగా తిప్పుకోవాలి అంతే. వేగం ఎక్కువై కట్టర్ కాలడం కన్నా తక్కువై ఆలస్యం కావడమే నయం.

డ్రిల్లింగ్ మెషిన్ కింద క్రాస్ టేబుల్ పెడితే?

ఈ ఆలోచన రానివాళ్లు అరుదు. బెంచ్ డ్రిల్లింగ్ మెషిన్ ఇంట్లో ఉంటుంది, రెండు దిక్కులా కదిలే క్రాస్ టేబుల్ (ఎక్స్-వై టేబుల్) ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపిస్తుంది. రెండూ కలిపితే మిల్లింగ్ మెషిన్ అయిపోదా? కాదు. డ్రిల్ బిట్ నిలువుగా కిందికి నెడుతుంది, ఆ తోపుకు చక్ కూర్చునే కోనాకారపు కాడ, అంటే టేపర్, ఇంకా బిగుసుకుంటుంది. పక్క అంచులతో కూడా కోసే ఎండ్ మిల్ అనే కట్టర్ పక్కకు లాగుతుంది. పక్క లాగుడుకి, వణుకుకి డ్రిల్ చక్ టేపర్ వదులై, తిరుగుతున్న చక్ ఊడి పడుతుంది. మిల్లింగ్ మెషిన్‌లో ఇలా జరగకుండా స్పిండిల్ (కట్టర్‌ని తిప్పే ఇరుసు) పైనుంచి డ్రాబార్ అనే పొడుగు బోల్టు టూల్ హోల్డర్‌ని పైకి లాగి పట్టుకుంటుంది. డ్రిల్లింగ్ మెషిన్‌కి ఆ ఏర్పాటే ఉండదు. బేరింగులు కూడా పక్క లాగుడుకు చేసినవి కావు. పైగా చక్ మూడు దవడలు గట్టిపరిచిన ఎండ్ మిల్ కాడను సరిగా పట్టలేవు, కట్టర్ మెల్లగా కిందికి జారుతుంది, గాడి లోతు మీకు తెలియకుండానే పెరిగిపోతుంది. చెక్కకు, మెత్తటి ప్లాస్టిక్‌కి సరే అనుకుంటే మీ ఇష్టం. లోహానికి మాత్రం నేను వద్దంటాను.

చవక సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషిన్ 3018 సంగతి వేరు. అది పనికిమాలినది కాదు, దాని పని వేరు. 300 × 180 మి.మీ. మేర, బెడ్ పైన 45 మి.మీ. ఎత్తు. 775 సైజు చిన్న మోటార్, కట్టర్ కాడను చుట్టూ బిగించి పట్టే ఈఆర్11 కోలెట్, జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంట్రోలర్. సర్క్యూట్ బోర్డు గీయడం, యాక్రిలిక్ మీద పేర్లు చెక్కడం, పల్చటి చెక్క కోయడం దానికి తగిన పనులు. అల్యూమినియం కోస్తున్న వీడియోలు చూసి కొనేవాళ్లు ఆ వీడియోలో ఒక్కో పొర ఎంత పల్చగా తీస్తున్నారో గమనించండి. స్టీల్ ఊసు ఎత్తొద్దు. ఎలక్ట్రానిక్స్ హాబీ ఒక్కటే ఉన్నవాళ్లకు మాత్రం ఈ వ్యాసంలోని మిగతా మెషిన్లన్నిటికన్నా ఇదే ముందు కొనదగినది.

చిన్నవి రెండూ

ఎంఎఫ్70 బల్ల మీద పెట్టుకుని, పని కాగానే అలమరలో దాచుకోవచ్చు. చక్రం ఒక చుట్టు తిప్పితే 1 మి.మీ. కదులుతుంది, ఒక్కో గీత 0.05 మి.మీ. టేబుల్ 134 మి.మీ. అటూ ఇటూ, 46 మి.మీ. ముందూ వెనకా పోతుంది. గడియారాల పనికి, రైలు బొమ్మలకి, నగల అచ్చులకి ముచ్చటైనది. కోలెట్లు 3.2 మి.మీ. దాకానే. అంతకన్నా పెద్ద కట్టర్ కావాలనిపిస్తే మీకు కావలసింది ఈ మెషిన్ కాదు.

షెర్‌లైన్ వేరే తరగతి. ఇది మొదట ఆస్ట్రేలియాలో రూపుదిద్దుకుని, ఇప్పుడు కాలిఫోర్నియాలోని విస్టాలో తయారవుతోంది. వేగం 70 నుంచి 2,800. పెట్టెలోంచి తీస్తే నేరుగా పనికి సిద్ధంగా ఉంటుంది, ఏళ్ల తర్వాత కూడా విడిభాగాలు దొరుకుతాయి, రోటరీ టేబుల్ నుంచి సన్నటి వైస్ దాకా అన్నీ దానికి తగిన కొలతల్లో వస్తాయి. అల్యూమినియం బేస్ కనుక స్టీల్‌ని పల్చటి పొరలుగా తీయాలి, ఓపిక కావాలి. అమెరికాలో ఉండి అపార్ట్‌మెంట్‌లో పని చేసుకునే మనవాళ్లకు నేను ముందుగా చెప్పే పేరు ఇదే. అక్కడినుంచి తెచ్చుకోదలిస్తే అంగుళాల మోడల్, మెట్రిక్ మోడల్ విడివిడిగా ఉంటాయి, మెట్రిక్‌దే అడగండి. ఇక్కడ అంగుళాల డయల్‌తో మిల్లీమీటర్ల డ్రాయింగ్ చదువుకుంటూ కూర్చోవడం శిక్ష. ఏ కంపెనీ మెషిన్‌నైనా అమెరికా నుంచి తెచ్చేటప్పుడు ప్లేటు మీద 110 వోల్టులు అని ఉందేమో చూడండి. అలా ఉంటే తగిన సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాల్సిందే.

ఎక్స్2 దగ్గర కాసేపు ఆగాలి

ఇంటి హాబీ అనగానే ప్రపంచమంతటా ఎక్కువమంది ఆగే మెట్టు ఇది. టేబుల్ 390 × 92 మి.మీ., అడ్డంగా 220, ముందూ వెనకా 100, నిలువుగా 180 మి.మీ. కదలిక. కంపెనీ చెప్పే హద్దులు: 13 మి.మీ. డ్రిల్, 16 మి.మీ. ఎండ్ మిల్, వెడల్పుగా చదును చేసే ఫేస్ మిల్ 30 మి.మీ. ఎమ్మెస్‌లో ఆ 16 మి.మీ. కట్టర్‌ని నిండుగా దించడం కాగితం మీది మాట. 10 మి.మీ. కట్టర్, అర మిల్లీమీటర్ లోతు, అలా వెళ్తే కిమ్మనకుండా పని చేస్తుంది.

దీని బలహీనతలు అందరికీ తెలిసినవే, కనుక మందులు కూడా అందరికీ తెలుసు. పాత నమూనాలో కాలమ్ పక్కకు వంచే వీలుంటుంది. ఏటవాలు కోతలకు పనికొస్తుందని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. నిజానికి ఆ ఒక్క బోల్టు కీలే మెషిన్‌లో మెత్తటి చోటు. కోణం కావాలంటే ముక్కనే వైస్‌లో వంచి పట్టుకోవచ్చు. స్థిరమైన కాలమ్ ఉన్నది దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి. రెండోది లోపలి ప్లాస్టిక్ గేర్లు. కట్టర్ ఇరుక్కుంటే గేర్ పళ్లు ఊడతాయి. చాలామంది వెంటనే ఇనుప గేర్లు వేయిస్తారు. నేను వేయించవద్దంటాను. ప్లాస్టిక్ గేర్ పోతే గేరొక్కటే పోతుంది, ఇనుప గేర్ ఉంటే ఆ దెబ్బ మోటార్‌కో, కంట్రోల్ బోర్డుకో తగులుతుంది. మార్చాలనుకుంటే బెల్టు కిట్ వేసుకోండి, చప్పుడు కూడా తగ్గుతుంది. కొత్త నమూనాల్లో, ఉదాహరణకు ఎస్‌ఎక్స్2పీలో, 500 వాట్ల బ్రష్‌లెస్ మోటార్, బెల్టు డ్రైవ్ కంపెనీయే ఇస్తోంది. డబ్బు ఉంటే ఈ గేర్ల చర్చే అక్కర్లేదు.

మూడోది, పెట్టెలోంచి తీసినప్పుడు ఉండే స్థితి. ఈ ధరలో వచ్చేది నిజానికి సగం తయారైన మెషిన్ అనుకోండి. పట్టాలకు పూసిన ఎర్రటి గ్రీజు కిరోసిన్‌తో కడగాలి, గిబ్‌లు విప్పి అంచుల మీది గరుకు (బర్) ఆకురాయితో తీయాలి, మళ్లీ బిగించి నూనె వేయాలి. ఒక వారాంతం దీనికే పోతుంది. ఈ పని ఇష్టంలేనివాళ్లు, ఇంతకన్నా ఖరీదైన మెషిన్ వైపు వెళ్లడం మేలు. నాకు మాత్రం ఆ విప్పదీతే మెషిన్‌తో మంచి పరిచయం అనిపిస్తుంది.

హోల్డర్ కూర్చునే స్పిండిల్ రంధ్రంలో ఆర్8, ఎంటీ3 (మోర్స్ టేపర్) అని రెండు రకాలు. ఆర్8ని పుట్టించింది బ్రిడ్జ్‌పోర్ట్ కంపెనీ. దాని టేపర్ వాలు ఎక్కువ కనుక డ్రాబార్ వదులు చేసి చిన్నగా తడితే హోల్డర్ ఊడివస్తుంది. ఎంటీ3 సన్నటి టేపర్, బిగుసుకుంటే ఒక పట్టాన వదలదు, సుత్తి దెబ్బలు ఆ చిన్న బేరింగుల మీద పడతాయి. అయినా మన దగ్గర ఎంటీ సామాను సులభంగా దొరుకుతుంది. లేత్ టెయిల్‌స్టాక్ కూడా ఎంటీ3 అయితే హోల్డర్లు రెండింటికీ పంచుకోవచ్చు. అదే నిర్ణయానికి వస్తే ఒకటి గుర్తుంచుకోండి: వెనక చివర నాలుక ఉన్న డ్రిల్ హోల్డర్లు పనికిరావు, డ్రాబార్ కోసం లోపల మర ఉన్నవి కావాలి. అమెరికాలో ఉన్నవాళ్లకు ఆర్8 తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు.

నూరు కిలోలు దాటాక

ఎస్‌ఎక్స్2.7, బీఎఫ్20, అమెరికాలో గ్రిజ్లీ జీ0704. ఈ వరుసలో బిగువు ఎక్స్2 కన్నా స్పష్టంగా ఎక్కువ, మోటార్లు 750 వాట్లు ఆపైన, టేబుల్ వెడల్పు దాదాపు రెట్టింపు. 100 మి.మీ. వైస్ పెట్టాక కూడా పక్కన చోటు మిగులుతుంది. ఎక్స్2 మీద ఆ వైస్ పెడితే టేబులంతా వైసే. స్టీల్ పనే ఎక్కువ అనుకునేవాళ్లు, కింది అంతస్తో గ్యారేజో ఉన్నవాళ్లు ఎక్స్2 దగ్గర ఆగకుండా ఇక్కడికే రావడం మంచిది. ఇద్దరు మనుషులు మోటార్, స్పిండిల్ ఉండే హెడ్ విడదీసి, రెండు విడతల్లో మెట్లు ఎక్కించగలరు. నా దృష్టిలో ఇంటి హాబీకి అన్నివిధాలా సరిపోయే బరువు ఇదే.

165 కిలోల ఎస్‌ఎక్స్3 దాకా ఇదే దారి. ఆ పైన 300 కిలోల గేర్‌హెడ్ (హెడ్‌లో గేర్లున్న) మెషిన్ అపార్ట్‌మెంట్‌కి కాదు. నివాస భవనాల అంతస్తు మీద చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారం ఉండవచ్చని మన ప్రమాణం, ఐఎస్ 875, చెబుతుంది. ఈ మెషిన్, దాని స్టాండ్, ముందు నిలబడ్డ మీరు అందరూ ఒక చదరపు మీటరులోనే. నేల అంతస్తులో సిమెంటు గచ్చు మీద అయితే నిశ్చింత. ఈ తరగతిలో గుండ్రటి కాలమ్ ఉన్నవి, అంటే ఆర్‌ఎఫ్30 తరహావి, తక్కువ ధరకు ఊరిస్తాయి. వాటి చిక్కు ఏమిటంటే, పొట్టి కట్టర్ తీసి పొడుగు డ్రిల్ పెట్టడానికి హెడ్ పైకి లేపితే అది కాలమ్ చుట్టూ కాస్త తిరిగిపోతుంది, అంతకుముందు సెట్ చేసుకున్న కేంద్రం పోతుంది, మళ్లీ వెతుక్కోవాలి. డవ్‌టెయిల్ కాలమ్ ఉన్నదే చూడండి.

పాత పెద్ద మెషిన్ కొందామా?

నేల అంతస్తులో ఒక షెడ్డు ఉన్నవాళ్లకు ఇది నిజంగా ఆలోచించదగ్గ దారి. బాలానగర్, జీడిమెట్లలో, విజయవాడ, విశాఖ ఆటోనగర్లలో యూనిట్లు మూతపడ్డప్పుడో, సీఎన్‌సీకి మారినప్పుడో పాత నీ టైప్ మెషిన్లు అమ్మకానికి వస్తాయి. హెచ్‌ఎంటీవి, 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్ వాళ్లవి, లూథియానా, బటాలా, రాజ్‌కోట్ తయారీవి కనిపిస్తాయి. కొత్త చైనా బుల్లి మెషిన్‌కి పెట్టే డబ్బు చుట్టుపక్కలే టన్ను బీడు రావచ్చు. అయితే క్రేన్ కిరాయి, లారీ, కూలీలు, గచ్చు దిట్టం చేయించడం అన్నీ కలిపితే తడిసి మోపెడవుతుంది. ఆ లెక్క ముందే వేసుకోండి.

చూడ్డానికి వెళ్లినప్పుడు రంగు చూడొద్దు. కొత్తగా రంగు వేసి ఉంటే ఇంకా అనుమానించండి. టేబుల్‌ని మధ్యలో ఉంచి గిబ్ బిగువు చూసుకుని, అదే బిగువుతో ఒక చివరకు తిప్పండి. మధ్యలో వదులుగా, చివర గట్టిగా ఉంటే పట్టాలు మధ్యలో అరిగినట్టు. చక్రాన్ని ఇటూ అటూ తిప్పి, టేబుల్ కదలకుండా డయల్ ఎంత తిరుగుతోందో చూడండి. అది బ్యాక్‌లాష్, నట్టు మారిస్తే తగ్గుతుంది కనుక భయపడక్కర్లేదు. స్పిండిల్‌ని పై వేగంలో పావుగంట తిప్పించండి. చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, గరగరమన్నా బేరింగుల ఖర్చు మీదే. స్పిండిల్ టేపర్ లోపల వేలితో తడమండి, గీతలు, గాట్లు ఉంటే ధర తగ్గించమనండి. టేబుల్ మీద డ్రిల్ గుంటలు కనిపిస్తే దాన్ని వాడిన మనుషులెలాంటివాళ్లో తెలుస్తుంది. అవి పనికి అడ్డం కావు.

కరెంటు సంగతి ముఖ్యం. ఈ మెషిన్లన్నీ త్రీఫేజ్. ఇంట్లో సింగిల్ ఫేజ్ ఉంటే సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీ పెట్టుకోవచ్చు. 3 హార్స్‌పవర్ దాకా ఇవి సులభంగా దొరుకుతాయి, వేగం మార్చుకునే సౌకర్యం అదనంగా వస్తుంది. కానీ దాని నుంచి వచ్చేది 230 వోల్టుల త్రీఫేజ్, మన మోటార్ ప్లేటు మీద సాధారణంగా 415 అని ఉంటుంది. మోటార్ వైండింగ్‌లు స్టార్ పద్ధతిలో కలిపి ఉండి, ఆరు వైర్ల చివరలూ టెర్మినల్ డబ్బాలోకి వచ్చి ఉంటే డెల్టాగా మార్పించుకోవచ్చు. మూడే చివరలు బయటికి ఉంటే వైండింగ్ షాపు దారి పట్టాలి. ఇది చూసుకోకుండా కొని, మోటార్ లాగడం లేదని వీఎఫ్‌డీని తిట్టడం మామూలు.

లేత్ ముందే ఉన్నవాళ్లకు

లేత్ క్రాస్ స్లైడ్ మీద నిలువు స్లైడ్ బిగించి, చక్‌లో కట్టర్ పెట్టి మిల్లింగ్ చేయడం ఇంగ్లండ్ హాబీవాళ్ల పాత పద్ధతి. షాఫ్ట్‌కి కీవే (కీ కూర్చునే గాడి), చిన్న బ్రాకెట్‌కి చదును, ఇంతవరకు అది చాలు. ముక్క పట్టడం కష్టం, లోపల ఏం జరుగుతోందో కనిపించదు. నెలకో పని అయితే దీంతో సరిపెట్టుకుని, డబ్బు కూడబెట్టుకోవచ్చు. లేత్ మీదే మిల్లింగ్ హెడ్ బిగించిన ‘త్రీ ఇన్ వన్’ మెషిన్లు మాత్రం వద్దు. రెండు పనులూ అరకొరగా చేస్తాయి, ఒక పని మధ్యలో ఉండగా రెండోది చేయాలంటే సెటప్ అంతా పీకాలి.

మెషిన్ కాకుండా అయ్యే ఖర్చు

చేతిలో ఉన్న మొత్తంలో మూడింట రెండొంతులకు మించి మెషిన్ మీద పెట్టకండి. మిగతాది సామానుకు. ముందు కావలసింది మంచి మిల్లింగ్ వైస్. డ్రిల్లింగ్ వైస్‌లో ముక్క బిగిస్తే కదిలే దవడ పైకి లేచి ముక్కను కూడా లేపుతుంది, చదును వంకరవుతుంది. తర్వాత ఈఆర్25 కోలెట్ చక్, అది 1 నుంచి 16 మి.మీ. దాకా పడుతుంది, ఎక్స్2కి ఇంతకన్నా పెద్దది అనవసరం. వైస్‌లో ముక్క కింద ఎత్తుకి పెట్టే సమాన పట్టీలు, అంటే పారలల్స్, ఒక జత. ముక్కను నేరుగా టేబుల్‌కి బిగించడానికి టీ నట్లతో క్లాంపింగ్ సెట్. వైస్ వంకర లేకుండా ఉందో చూసే లివర్ డయల్, దానికి మాగ్నెటిక్ స్టాండ్. ముక్క అంచు ఎక్కడుందో పట్టిచ్చే ఎడ్జ్ ఫైండర్.

కట్టర్లు పెట్టెల కొద్దీ సెట్లు కొనొద్దు. నాలుగు పళ్లవి 6, 10, 12 మి.మీ., అల్యూమినియం కోసం రెండు పళ్లవి 6, 10 మి.మీ. చాలు, విరిగిన కొద్దీ కొనుక్కోవచ్చు. సికింద్రాబాద్ రాణిగంజ్ టూల్ షాపుల్లో అడిసన్, టోటెమ్ హెచ్‌ఎస్‌ఎస్ కట్టర్లు, పుణె బేకర్ డయల్ గేజ్‌లు విడిగా దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో పేరులేని కట్టర్ల పెట్టె కొన్న డబ్బుతో ఇక్కడ మూడు మంచివి వస్తాయి. కట్టర్‌ని కోలెట్‌లో ఎంత పొట్టిగా పట్టుకుంటే అంత మంచిది. బయటికి ఉన్న పొడవు రెట్టింపైతే కట్టర్ వంగడం ఎనిమిది రెట్లవుతుంది. చిన్న మెషిన్ చేతకానిదనిపించడానికి సగం కారణం ఇదే.

చేతిలో ఇంకా మిగిలితే టేబుల్ ఎంత కదిలిందో అంకెల్లో చూపే డిజిటల్ రీడౌట్ పెట్టించండి. బ్యాక్‌లాష్ లెక్కలు, ఎన్ని చుట్లు తిప్పానో అన్న మతిమరుపు, రెండూ పోతాయి. టేబుల్‌ని మోటార్‌తో కదిపే పవర్ ఫీడ్ అందం, అవసరం కాదు. కంప్యూటర్‌తో నడిచేలా మార్చుకోవడం రెండో ఏడాది ముచ్చట. చేత్తో చక్రం తిప్పి కోత బరువు తెలుసుకోకముందే సీఎన్‌సీకి వెళ్తే కట్టర్లు ఎందుకు విరుగుతున్నాయో ఎప్పటికీ తెలియదు.

విదేశీ సైట్ నుంచి నేరుగా తెప్పించుకుందామనుకునేవాళ్లు మెషిన్ ధరకు ఓడ కిరాయి, కస్టమ్స్ సుంకం, ఆ మొత్తం మీద 18 శాతం ఐజీఎస్టీ, పోర్టు నుంచి ఇంటిదాకా లారీ కలిపి చూడండి. ఇక్కడి దిగుమతిదారు చెప్పే ధర అన్యాయమనిపించినా, ఈ లెక్క వేశాక తేడా కుంచించుకుపోతుంది. పైగా కంట్రోల్ బోర్డు కాలిపోతే అడగడానికి ఒక మనిషి ఉంటాడు. చిన్న మెషిన్లలో ముందుగా పోయేది ఆ బోర్డే. కొనేముందే దాని విడి ధర, దొరికే చోటు అడిగి రాసుకోండి. వోల్టేజీ ఎగుడుదిగుడులున్న చోట స్టెబిలైజర్, సరైన ఎర్త్ తప్పనిసరి.

ఇంట్లో ఎక్కడ పెడతారన్నది కూడా ఎంపికలో భాగమే. గేర్‌హెడ్ చప్పుడు పక్క ఫ్లాట్ దాకా వినిపిస్తుంది, బెల్టు మెషిన్లు నయం. లోహపు రజను పాదాలకు అంటుకుని పడకగది దాకా వస్తుంది, కాబట్టి తలుపున్న గది చూసుకోండి, చెప్పులు ఆ గదికే విడిగా పెట్టుకోండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పని కాగానే నూనె గుడ్డతో తుడవకపోతే తెల్లారేసరికి టేబుల్ ఎర్రబడుతుంది. చేతి గ్లవ్స్ వేసుకుని మెషిన్ నడపకండి, కట్టర్ గ్లవ్‌ని పట్టిందంటే చెయ్యి కూడా దాంతోనే పోతుంది. లుంగీ, చున్నీ, వదులు చేతుల చొక్కా కూడా అంతే. కళ్లద్దాలు తప్పనిసరి.

ఇక అసలు కొనకపోవడం అనే దారి ఒకటుంది, దాన్నీ ఇదే పోలికలో పెట్టి చూడండి. మీ జాబితాలో ఏడాదికి మూడు నాలుగు ముక్కలే తేలితే, కొలతలన్నీ రాసిన డ్రాయింగ్ పట్టుకుని బాలానగర్‌లోనో ఆటోనగర్‌లోనో మిల్లింగ్ పని చేసే షాపుకి వెళ్లండి. గంట లెక్కన పని చేసేవాళ్లు, ముక్క లెక్కన మాట్లాడుకునేవాళ్లు ఇద్దరూ ఉంటారు. ఏ కొలత ఖచ్చితంగా రావాలో దానికి మాత్రమే టాలరెన్స్ (ఎంత తేడా ఒప్పుకుంటారో) వేయండి, అన్నిటికీ 0.02 అని రాస్తే ధర పెరుగుతుంది. వీలైతే పక్కన నిలబడి చూడండి: ముక్క ఎలా పట్టారు, ఎన్నిసార్లు తిప్పి బిగించారు, ఏ కట్టర్ వాడారు. రెండు మూడు పనులు అలా చేయించాక మీకు ఎంత టేబుల్ కావాలో, ఎంత బరువు మెషిన్ కావాలో అంచనా దొరుకుతుంది. అప్పుడు కూడా కొనాలనిపిస్తే నూరు కిలోల వరుసతో మొదలుపెట్టండి, మెట్లు ఒప్పుకోకపోతే ఎక్స్2కి దిగండి.